వనరక్షణము – వనితారోగ్యము



అడవి యన్నంతనే పులియు, ఎలుగుబంటియు, ఋష్యాశ్రమములును మన మనస్సునకు దోచును గాని, వంటయిల్లును పురిటిగదియు దోపవు. కాన్పు, బిడ్డల నడుమ నుండవలసిన యెడము మొదలగునవి ఆడవారు చాటున జెప్పుకొనవలసిన మాటలనియు, అడవిని గాపాడుట యటవీశాఖవారి పని యనియు దలచి, యీ రెంటికిని సంబంధమే లేదనుకొనుచుందుము. కాని కొండ యంచున గల పల్లెలలోని స్త్రీని జూడుడు. ఆమె నెత్తిమీద కట్టెలమోపు, కడుపులో బిడ్డ. అడవియొక్క క్షేమమును, ఇంటియొక్క క్షేమమును ఆ యొక్క దేహమే మోయుచున్నది. ఈ విషయమును గూర్చి నాకు దెలిసినంత విన్నవింపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా చాగలమర్రి కర్నూలునుండి కడపకు బోవు పెద్దబాటమీద నున్నది. 2022 ఏప్రిలు నెలలో నేర్పడిన నంద్యాల జిల్లాకు దక్షిణపు కొన యిది. తూర్పుదిక్కున నల్లమల కొండలు నీలిగోడవలె నిలిచి కనబడును. ఆ కొండలలోనే అహోబిల క్షేత్రము. అందు నవనారసింహులు వెలసియున్నారు. నల్లమల వాగులు దిగివచ్చి కుందూ నదిలో గలియును. కుందూ పోయి పెన్నలో గలియును. మన చేలకు దడి, మన బావులకు నూట ఆ కొండల చలువయే యని పెద్దలు చెప్పుట యూరక కాదు. చెట్టున్నచోట వాననీరు నేలలో నింకును. చెట్టు లేనిచోట మన్నుతో గూడ గొట్టుకొనిపోవును.

ఈ యడవిలో నేమున్నదని యడుగుదురేమో. నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల యభయారణ్యమునకు 1983 లో దేశీయ పులుల సంరక్షణ పథకమున స్థానము గలిగెను. 2022 గణనమున నచ్చట 58 పులులు లెక్కకు వచ్చినవి. అడవి దక్షిణ భాగమున గుండ్ల బ్రహ్మేశ్వరము పేర మఱియొక యభయారణ్యము గలదు. మనము జ్వరములకు గషాయము గాచుకొను నేలవేము జాతిలోనిదే యొక మొక్క యీ కొండలందు బెరుగును. దానికి శాస్త్రజ్ఞులు ‘యాండ్రోగ్రాఫిస్ నల్లమలయాన’ యని నల్లమల పేరే పెట్టిరి.

ఇక మాకు దక్షిణముగా, కడప జిల్లా లంకమల ప్రాంతపు ముళ్లపొదలలో గలివికోడి యను చిన్న పక్షి యున్నది. 1848 లో జెర్డన్ అను దొర దానిని మొదట కనుగొనెను. 1900 తరువాత నది యెవరి కంటను బడకపోగా, జాతియే నశించినదని లోకము నమ్మెను. 1986 జనవరిలో, స్థానికులైన వేటగాండ్ర సాయముతో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు దానిని దిరిగి కనుగొనిరి. 1988 లో శ్రీ లంకమల్లేశ్వర యభయారణ్య మేర్పడెను. ఆ పక్షి మహారణ్యములలో వసింపదు. పొదకును పొదకును నడుమ గొంత బయలు గల చిట్టడవియే దానికిల్లు. కట్టెలకై పొదలు నఱకుట, హద్దు లేక పసులను మేపుట, పొదలను దున్ని చేలు చేయుట, కాలువలు త్రవ్వుట – ఇవియే దానికి ముప్పులు. నఱకిన పొద యెక్కడికి బోయెను? మన పొయ్యిలోనికి. కావున గలివికోడి కథ వంటయింటి కథయే.

పొయ్యి మాట వచ్చినది గనుక పొగను గూర్చి చెప్పవలయును. కట్టెలు, పిడకలు మొదలగువాని పొగ యిండ్లలో నిండుటవలన 2020 లో లోకమునందు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్కగట్టినది. వారిలో నైదేండ్లు నిండని శిశువులే 2 లక్షల 37 వేలకు మించిరి. పొగ కండ్లను మాత్రమే గాదు, ఊపిరితిత్తులను, గుండెను, గర్భమందలి శిశువును గూడ బీడించును. బిడ్డ తక్కువ బరువుతో బుట్టుటకు నదియొక కారణము. 1999 జూలైలో మన రాష్ట్రమున దీపము పథకమును ఆరంభించినప్పుడు పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు నిచ్చుటలో రెండుద్దేశము లుండెను: స్త్రీకి పొగబాధ తీరుట, అడవికి గొడ్డలిబాధ తీరుట. 2016 మే 1 వ తేదీన కేంద్రమువారు ఉజ్జ్వల పథకమును దెచ్చిరి. 2024 నవంబరునుండి దీపము–2 క్రింద అర్హులైన యిండ్లకు నేటికి మూడు సిలిండర్లు ఉచితముగా లభించుచున్నవి. ఇప్పుడు మన రాష్ట్రమున నూటికి ఎనుబదికి పైగా యిండ్లలో గ్యాసు మొదలగు పొగలేని వంట జరుగుచున్నదని జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము చెప్పుచున్నది. అయినను మూడు సిలిండర్లతో నేడాది గడచునా? నీళ్లు కాచుటకు, దాణా యుడికించుటకు, పండుగ వంటకు మరల గట్టెలపొయ్యి రాజవలసినదే. పల్లెలలోని బీదయిండ్ల సంగతి చెప్పనక్కఱలేదు.

ఈ కట్టెలు దెచ్చువారెవరు? నూటికి దొంబదిపాళ్లు స్త్రీలును బాలికలునే యని మనయందఱి కనుభవమే. వేకువనే బయలుదేఱి, కోసుల దూరము నడిచి, మిట్టమధ్యాహ్నమునకు మోపుతో దిరిగివత్తురు. చూలాలైనను బాలెంతయైనను పని యాగదు. చంటిబిడ్డను చూచుకొనుటకై పెద్దకూతురు బడి మానును. బడి మానిన పిల్లకు త్వరగా బెండ్లి చేయుదురు. త్వరగా బెండ్లియైన పిల్ల త్వరగా దల్లియగును. ఆమెయు మరునాడు మోపు నెత్తికెత్తుకొనును. ఈ చక్రము తిరుగుచున్నంతకాలము అడవికిని సుఖము లేదు, ఆడుదానికిని సుఖము లేదు.

మా యింటికి అప్పుడప్పుడు వచ్చు నొక కూలిస్త్రీ తన సంగతి నాతో జెప్పినది. “పదారేండ్లకే నాకు పెండ్లి చేసిరమ్మా. ఇరవై రెండేండ్లకు ముగ్గురు బిడ్డలు, ఆపరేషనూ ఐపాయ. నడాన రెండు మూడేండ్లు ఆపుకోవచ్చని నాకెవురూ చెప్పలేదు, అయ్యోరమ్మా. చెప్పింటే మొదటి బిడ్డ చనుబాలన్నా సరిగ్గా తాగుండు” ననినది. ఆ మాట నాకు గుండెలో ములుకువలె నాటుకొన్నది. ఆమె బిడ్డలు వద్దనలేదు, ఎడము కోరినది. ఆ యెడమును గూర్చి యెఱింగించువారే ఆమెకు గఱవైరి.

పై పరిశీలనమే 2019–21 సంవత్సరములలో మన రాష్ట్రమునుగూర్చి తెలిపిన సంగతులు వినుడు. ఇరువదినుండి యిరువదినాలుగేండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లియైనది. పదునైదునుండి నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత గలదు. పెండ్లియైన స్త్రీలలో నూటికి దరిదాపు డెబ్బదిమంది ట్యూబెక్టమీ యను శస్త్రచికిత్స చేయించుకొనిరి. మగవారిలో నది చేయించుకొన్నవారు నూటికి ఒక్కరుకూడ లేరు! అనగా బరువంతయు స్త్రీమీదనే, అదియు నొక్కసారిగానే. ముందు త్వరత్వరగా గాన్పులు, ఆపై శస్త్రచికిత్స. నడుమ విశ్రాంతి యనునది లేదు.

ఇది శాస్త్రసమ్మతమా యని పండితులు ప్రశ్నింతురేని, సుశ్రుతసంహిత శారీరస్థానమును విప్పి చూపుదము. పదునాఱేండ్లు నిండని బాలికయందు నిలిచిన గర్భము కడుపులోనే చెడుననియు, పుట్టినను దీర్ఘకాలము బ్రదుకదనియు, బ్రదికినను దుర్బలముగా నుండుననియు నా మహర్షి వేలయేండ్ల క్రిందటనే హెచ్చరించెను. మత్స్యపురాణములో బావులనుండి చెఱువులను, చెఱువులనుండి పుత్రులను క్రమముగా గొప్ప చేయుచు వచ్చి, తుదకు పదిమంది పుత్రులతో నొక వృక్షము సమానమని చెప్పబడినది. సంతానమును వరముగా నెంచిన మన పూర్వులే చెట్టునకు అంతటి గౌరవ మిచ్చిరి.

ఎడము నిచ్చుటకు మార్గములు నేడు కలవు. ఒక బిడ్డ పుట్టిన పిదప మరల గర్భము ధరించుటకు గనీస మిరువదినాలుగు మాసములు ఆగవలెనని ప్రపంచారోగ్యసంస్థ సలహా. సర్కారు ఆసుపత్రులలో ‘అంతర’ యను నింజెక్షను మూడు మాసముల కొకటి చొప్పున ఉచితముగా నిత్తురు. ‘ఛాయ’ యను మాత్రను లక్నోలోని మన దేశపు పరిశోధనాలయమువారే కనిపెట్టిరి. మొదటి మూడు మాసములు వారమునకు రెండును, తరువాత వారమునకొకటియు మ్రింగవలెను. రాగితీగ చుట్టిన కాపర్–టి యను సాధనము రకమును బట్టి యైదేండ్లో పదియేండ్లో పనిచేయును, వలదన్నప్పుడు తీయించుకొనవచ్చును. ఇక బిడ్డలు చాలునని దంపతులిరువురు నిశ్చయించుకొన్నప్పుడు, పురుషునకు గత్తిగాటు లేకుండ చేయు వాసెక్టమీ స్త్రీకి జేయు చికిత్సకంటె సులువైనది. అదియైన పిదప మూడు మాసములవఱకు వేఱు జాగ్రత్త యవసరము. బలహీనత వచ్చునను భయము వట్టిది. ఎవరి దేహమునకేది తగునో డాక్టరమ్మ నడిగి తెలిసికొనవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక చేయక తప్పదు. అడవి క్షీణించుటకు బీదవారి బిడ్డలే కారణమని కొందఱు సులభముగా జెప్పివేయుదురు. ఆ మాట న్యాయము గాదు. 2019–21 పరిశీలనమునాటికే మన రాష్ట్రమున నొక్కొక్క స్త్రీకి సగటున 1.7 బిడ్డలే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఇద్దఱు బిడ్డలకు మించినవారిని స్థానిక ఎన్నికలనుండి తొలగించెను. 2024 లో నా నిబంధననే రద్దుచేసిరి. బిడ్డల సంఖ్య యింత తగ్గియు అడవి తేఱుకొనలేదేమి? గనులు, బాటలు, కాలువలు, ఎఱ్ఱచందనపు దొంగలు, పట్టణముల యాశ – వీనిలో నేదియు కట్టెలమోపు స్త్రీ చేసినది కాదు. మఱియు జనసంఖ్యను దగ్గించు తొందరలో స్త్రీపురుషులను హింసించిన చరిత్రయు మన దేశమునకున్నది. అత్యయికస్థితి కాలమున 1976–77 సంవత్సర మొక్కదానియందే ఎనుబదిలక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగెను; అందనేకములు బలవంతపువి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో నొకే దినమున గొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు చికిత్స చేయగా, ఆ జిల్లా శిబిరములలో 13 మంది తల్లులు ప్రాణములు గోల్పోయిరి. 2016 సెప్టెంబరులో సుప్రీముకోర్టువారు ఇట్టి శిబిరములను మూడేండ్లలోగా మానవలెనని యాజ్ఞాపించిరి. కావున కుటుంబనియంత్రణ మనగా లెక్క తగ్గించుట గాదు. ఎప్పుడు, ఎందఱు, ఎంత యెడముతో నని దంపతులు, అందు ముఖ్యముగా స్త్రీ, తెలిసి నిర్ణయించుకొనుట. 1994 లో కైరో నగరమున జరిగిన జనాభా మహాసభయు నిదియే నిశ్చయించెను.

ఈ న్యాయము చెంచుల విషయమున మఱింత గుర్తుంచుకొనవలెను. చెంచులక్ష్మి కథ మనకందఱకు దెలిసినదే. నరసింహస్వామి చెంచుల యల్లుడు. కనుమనాడు మొదలై నలువది దినములకు మించి సాగు పార్వేట యుత్సవమున స్వామి తన కల్యాణమునకు రమ్మని యూరూరికి స్వయముగా వచ్చునని మన ప్రాంతమువారి నమ్మిక. 2011 జనగణనమున ఉమ్మడి రాష్ట్రమంతటను చెంచులు 64,227 మందియే. వారిని ప్రత్యేకముగా గాపాడవలసిన తెగగా ప్రభుత్వము గుర్తించినది. వారి యెదుట జనసంఖ్యను దగ్గింపుడని యుపన్యసించుట యవివేకము. వారికి గావలసినవి మలేరియాకు మందు, గర్భిణికి బలమైన తిండి, సుఖమైన కాన్పు, పుట్టిన బిడ్డ బ్రదుకుట. అడవిని వారికంటె నెఱిగినవారెవరు? పులుల జాడలు దీయుటకు అటవీశాఖవారు చెంచు యువకులనే నియమించుచున్నారు. వారు సేకరించు తేనెను, జిగురును, కరక్కాయలను 1956 లో స్థాపించిన గిరిజన సహకార సంస్థ కొనుచున్నది. అట్టివారి గూడెమునకు మందులపెట్టె లేక హద్దురాళ్లతో మాత్రమే పోయినయెడల, వారికి మనయందు విశ్వాస మెట్లు కలుగును?

ఈ విశ్వాసమునకు గల శక్తిని తెలుపు నొక దృష్టాంతము ఆఫ్రికా ఖండమునుండి చెప్పెదను. ఉగాండా దేశమున బ్విండి యను నడవి గలదు, కొండగొరిల్లాలకు నివాసము. 1996 లో నచ్చటి గొరిల్లాలకు గజ్జి సోకి యొక పసికూన చచ్చెను. పశువైద్యురాలు గ్లాడిస్ కాలెమా–జికుసోకా విచారింపగా, పల్లెవారు తోటలలో దిష్టిబొమ్మలకు గట్టిన మాసినబట్టలవలన నది వచ్చియుండునని తేలెను. పల్లె శుభ్రముగా లేనిచో నడవియు నారోగ్యముగా నుండదని గ్రహించి, ఆమె 2003 లో నొక సంస్థను స్థాపించెను. ఊరివారిలోనుండియే సేవకులను నేర్చి, యింటింటికి బంపి, చేతులు గడుగుకొనుట, క్షయను గుర్తించుట, బిడ్డల యెడము, తోటలోనికి గొరిల్లా వచ్చినచో గబురంపుట – అన్నియు గలిపి చెప్పించెను. ముప్పదియేండ్ల క్రిందట సుమారు 300 గా నున్న యా గొరిల్లాలు 2018 లెక్కలో 459 అయినవి. ఈ పెంపునకు గావలివారి శ్రమయు, ఇతర కారణములును గలవు. అయినను ఇంటికి వైద్యము దెచ్చినవారి మాటను పల్లె చెవినిడినది. అచ్చటనే 1991 లో నడవినుండి బత్వాయను ప్రాచీనజాతిని వెళ్లగొట్టిన యన్యాయమును జరిగినది. దానిని గూడ మనము మఱవరాదు.

రోగము ఇంటినుండి యడవికి బోవునట్లే, అడవిజీవుల చేటు తిరిగి యింటికి వచ్చును. మన చిన్ననాట నూరిబయట చచ్చిన గొడ్డును రాబందులు గడియలో శుభ్రము చేసెడివి. పసులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫినాక్ అను మందు కళేబరములలో మిగులగా, దానిని దిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చెను. కొన్ని జాతులు నూటికి తొంబదితొమ్మిదిపాళ్లు నశించెను. 2006 లో పసులకా మందు నిషేధించిరి. 2023 లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను గూడ నిషేధించిరి. రాబందులు లేకపోగా గుళ్లిన మాంసమువలన నీళ్లు చెడెను, కుక్కలు పెరిగెను. 2000–2005 నడుమ నిందువలన దేశమున నైదులక్షల మంది యధికముగా మరణించియుందురని 2024 లో నిద్దఱార్థికశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పిల్లవానికి వచ్చిన జ్వరమునకు నాకాశమునుండి మాయమైన పక్షి కారణమగునని యెవరూహింతురు!

ఇక మనము చేయదగిన వేవి? మొదటిది, మన పిల్లలకు పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి తలపెట్టకుండుట, చదువు మాన్పింపకుండుట. రెండవది, ఊరిలోని ఆశా కార్యకర్తను వాకిటనుండి పంపివేయక, లోనికి బిలిచి, కోడండ్రను గూర్చుండబెట్టి యామె మాట వినిపించుట. అత్తగారు తోడుగా నిలిచినచో కోడలికి సగము భయము తీరును. మూడవది, ఈ సంగతి పురుషులతో మాటలాడుట. సిగ్గు విడిచి కాదు, మర్యాదతోనే. నాలుగవది, వనసంరక్షణ సమితులలో బ్రతి కుటుంబమునుండి యొక పురుషునితోబాటు నొక స్త్రీయు సభ్యురాలై యుండవచ్చును. 1992 నుండి యీ సమితులు మన రాష్ట్రమున నున్నవి. ఆ సభలలో మగవారి సంతకములే కాక మన మాటయు నుండవలెను: ఏ పొద నఱకరాదో, ఏ కొమ్మ కోయవచ్చునో కట్టె తెచ్చువారికే తెలియును. అయిదవది, పసులకు మందు గొనునపుడు నిషిద్ధమైనది కాదుగదా యని యడుగుట. ఆఱవది, అహోబిలయాత్రకు బోవునపుడు ప్లాస్టిక్ సంచులు భవనాశిని యొడ్డున విడిచిరాకుండుట.

మనలో బెక్కండ్రకు గట్టెలకై కొండకు బోవలసిన యగత్యము లేదు. కాని మన యింట నంట్లు తోము స్త్రీకి, చేలో గలుపు తీయు స్త్రీకి ఆ యగత్యము నేటికిని గలదు. ఆమెకు కాన్పు దగ్గఱపడినపుడు 108 కు ఫోను చేయించుట, గ్యాసు పథకమునకు గాగితము వ్రాసియిచ్చుట, బిడ్డల యెడమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుట చదువు నేర్చిన మనకొక గంట పని. ఈ సంక్రాంతికి బార్వేట పల్లకి మీ యూరికి వచ్చులోగా, అట్టి యొక్క స్త్రీకైన నీ సాయము చేయుడని సోదరీమణులను ప్రార్థించుచున్నాను.